అదే వైఫైలో ఫోన్ బాగానే ఉంది, ల్యాప్‌టాప్‌లో క్రోమ్ మాత్రమే నెమ్మది – సమాధానం
ల్యాప్‌టాప్‌లో క్రోమ్ ఎందుకు నెమ్మదిగా ఉందని అడిగారు, రోజూ కాష్ (సైట్ల బొమ్మలు, ఫైళ్లు క్రోమ్ దాచిపెట్టుకునే చోటు) క్లియర్ చేస్తున్నానని కూడా చెప్పారు. ఫోన్‌లో పేజీలు టకటకా తెరుచుకుంటూ క్రోమ్ ఒక్కటే మొరాయిస్తోందంటే, ఎక్కువగా ఎక్స్‌టెన్షన్ల (క్రోమ్‌కు మనం అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రామ్‌ల) వల్లే. నెట్ ప్లాన్ మార్చే ముందు ఇది చూడండి.

1. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటోలో (క్రోమ్ ప్రైవేట్ విండోలో) అదే సైటు తెరవండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అక్కడ పనిచేయవు. వేగం వచ్చిందంటే దొంగ ఏదో ఎక్స్‌టెన్షనే అయి ఉండొచ్చు.

2. చాలామంది వదిలేసేది ఇదే. మామూలు విండోలో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. విండోస్‌లో క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ (ఏది ఎంత లాగుతోందో చూపే జాబితా) వస్తుంది. అందులో సీపీయూ (ప్రాసెసర్ వాడకం) అన్న హెడింగ్ మీద క్లిక్ చేస్తే ఎక్కువ లాగేస్తున్నది పైకి వస్తుంది, రాకపోతే మరోసారి క్లిక్ చేయండి. అది ట్యాబా, ఎక్స్‌టెన్షనా అన్నది పేరుతో సహా కనిపిస్తుంది. ఇక ఊహించే పనే లేదు. ఒక నిమిషం అలాగే గమనించండి, అంకెలు మారుతూ ఉంటాయి.

3. ఎక్స్‌టెన్షన్ అయితే ఆఫ్ చేయండి. ట్యాబ్ అయితే మూసేయండి. సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ (వాడని ట్యాబ్‌ల మెమరీని ఖాళీ చేసేది) కూడా ఆన్ చేయండి.

రోజూ కాష్ క్లియర్ చేస్తున్నానన్నారు, దయచేసి అది ఆపేయండి. బొమ్మలు, ఫైళ్లు కాష్‌లో ఉంటేనే సైటు త్వరగా వస్తుంది. తుడిచేస్తే అన్నీ మళ్లీ డౌన్‌లోడ్ కావాల్సిందే. పేజీ తప్పుగా కనిపించినప్పుడు మాత్రం క్లియర్ చేస్తే చాలు.