మాత్ర మానలేదు, రక్తం పెరగలేదు

ప్రశ్న: నాకు ఇప్పుడు ఆరో నెల, మొదటి కాన్పు. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు. మర్చిపోకూడదని పొద్దున టిఫిన్ అవగానే టీతో పాటే వేసేసుకుంటాను. అయినా హిమోగ్లోబిన్ అప్పుడు 9.4, మొన్న 9.2. పైగా మలం నల్లగా వస్తోంది. ఈ మాత్రల వల్ల బిడ్డ నల్లగా పుడుతుందని మా అత్తమ్మ భయం, రోజూ కుంకుమపువ్వు పాలిస్తున్నారు. ఇంకోటి, చెప్పాలంటే సిగ్గుగా ఉంది, దొంగచాటుగా బలపాలు తింటున్నాను. ఇద్దరి తిండి తినమంటున్నారు, తినాలా?
– ఓ పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మాత్ర మానలేదు కానీ దాన్ని టీతో కలిపి పాడుచేసుకుంటున్నారమ్మా. టీలో ఉండే టానిన్లు ఐరన్‌ను కడుపులోనే పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టేది కొంచెమే. మాత్రకు అటూ ఇటూ కనీసం గంటసేపు టీ, కాఫీ, పాలు వద్దు. కాల్షియం మాత్ర కూడా ఇస్తున్నారనుకుంటా, దానికీ దీనికీ రెండు గంటలు ఎడం ఉండాలి. నన్నడిగితే కాల్షియం పగలు అన్నం తిన్నాక వేసుకుని, ఐరన్ రాత్రికి పెట్టుకోండి, భోజనమయ్యాక రెండు గంటలు ఆగి, సగం చెక్క నిమ్మకాయ పిండిన నీళ్లతో. వికారం కూడా నిద్రలో తెలియకుండా పోతుంది.

మలం నల్లగా రావడం ఆ మాత్రల వల్లే, కంగారు పడకండి. బిడ్డ రంగు మీ ఇద్దరి వంశాల నుంచి వస్తుంది, దాన్ని మాత్ర నలుపు చేయదు, కుంకుమపువ్వు తెలుపూ చేయదు. అత్తమ్మ ప్రేమగా ఇస్తున్న పాలు తాగండి, మాత్ర వేళకు మాత్రం కాదు. ఆ కుంకుమపువ్వు డబ్బులతో గుడ్లు తెప్పించమంటే ఇంకా మేలు (ఈ మాట నేను చెప్పానని చెప్పండి, మీ మీదికి రాదు).

బలపాల సంగతి దాచకుండా రాసి మంచి పని చేశారు. బలపం, మట్టి, పచ్చి బియ్యం మీదికి మనసు పోతోందంటే చాలాసార్లు ఒంట్లో ఐరన్ తగ్గిందనే, పైగా ఆ మట్టి తిన్న కొద్దీ ఐరన్ ఇంకా ఒంటికి పట్టదు. ఇది మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. నులిపురుగుల మాత్ర ఇచ్చారో లేదో ఏఎన్ఎంను అడగండి, రక్తం తగ్గడానికి ఆ పురుగులూ ఓ కారణం. నోరు లాగినప్పుడు ఓ జామకాయ ముక్క నమలండి, ఐరన్ మాత్రలతో వచ్చే మలబద్ధకానికీ పనికొస్తుంది.

ఇద్దరి తిండి అక్కర్లేదు. రోజూ తినేదానికి ఇంకో 350 కేలరీలు చాలు, అంటే సుమారుగా ఓ గ్లాసు పాలు, ఓ గుడ్డు, గుప్పెడు పల్లీలు. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండుకోండి, ఆకుకూరలో ఐరన్ దానంతటది అంత తేలిగ్గా పట్టదు. రక్తం పడుతుందని రోజూ కార్జం వండిపెడితే మాత్రం వద్దనండి, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ, గర్భంలో అంత మంచిది కాదు.

ఇక 9.2 అంటే ఊరుకునే అంకె కాదు, 11 ఉండాలి. రోజుకు రెండు మాత్రలు వేసుకోవాలేమో డాక్టరును అడగండి, మీరే పెంచుకోవద్దు. నెల తిరిగాక మళ్లీ పరీక్ష చేయించుకోండి, ఒక్క గ్రాము కూడా పెరగకపోతే, అంటే కనీసం 10.2 దాకా రాకపోతే, సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. ఈలోగా నాలుగు మెట్లెక్కితేనే ఆయాసం, గుండెదడ వస్తుంటే నెల దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.