మ్యాప్‌లో 5జీ ఉంది, ఫోన్‌లో ఎందుకు రావట్లేదు?

మణికొండలో మీ అపార్ట్‌మెంట్ మీద జియో కవరేజ్ మ్యాప్ నిండుగా 5జీ చూపిస్తోంది, అమెరికా నుంచి తెచ్చిన ఫోన్‌లో మాత్రం సిగ్నల్ ఒక్క పాయింటే అన్నారు. మ్యాప్ అబద్ధం కాకపోవచ్చు. టవర్ల చోటు, ఎత్తు బట్టి కంప్యూటర్ వేసిన అంచనా అది, ఎక్కువగా ఆరుబయటికే. కాంక్రీటు గోడలు, సెల్లార్లు, హైటెక్ సిటీ ఆఫీసుల లోహపు పూత అద్దాలు అందులో సరిగా లెక్కకు రావు.

ముందు ఫోన్ బ్యాండ్లు (అది పట్టుకోగల సిగ్నల్ ఫ్రీక్వెన్సీలు) చూడండి. సెట్టింగ్స్‌లో మోడల్ నంబరు చివరి అక్షరాలతో సహా రాసుకుని కంపెనీ సైట్‌లో వెతకండి. పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి బ్యాండ్లు మారతాయి. జియో 4జీకి 3, 5, 40 నంబర్ల బ్యాండ్లు కావాలి, 5జీకి ఎన్78, ఎన్28. గోడలు దాటి లోపలికొచ్చేవి 5 (850 మెగాహెర్ట్జ్), ఎన్28 (700). ఎన్78 వేగం ఎక్కువే కానీ గోడ దగ్గరే నీరసపడుతుంది. అందుకే ఎన్28 లేని ఫోన్‌లో బాల్కనీలో 5జీ, పడకగదిలో 4జీ. జియోకు 2జీ, 3జీ లేవు కనుక ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి) పనిచేయకపోతే నెట్ వస్తుంది, మామూలు కాల్ పోదు.

పాయింట్లను నమ్మొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* కొడితే సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అంకె కనిపిస్తుంది, అది సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. -90 బాగున్నట్టే, -115 కంటే దిగజారితే కాల్స్ తెగుతాయి. కిటికీ దగ్గర -88, లోపల -112 ఉంటే తప్పు గోడది, వైఫై కాలింగ్ (ఇంటి వైఫై మీద కాల్స్ వెళ్లే సదుపాయం) ఆన్ చేయండి. రెండుచోట్లా బలహీనమైతే అదే సిమ్ ఇంట్లో ఇంకో ఫోన్‌లో వేయండి. అక్కడ బాగుంటే మీ ఫోన్ బ్యాండ్లనే అనుమానించాలి. ఆన్‌లైన్లో అమ్మే సిగ్నల్ బూస్టర్ల జోలికి మాత్రం పోకండి: అనుమతి లేకుండా వాడటం చట్టవిరుద్ధం, పైగా చుట్టుపక్కల వాళ్ల సిగ్నల్ కూడా చెడగొడతాయి.