పక్కన నవ్వేదెవరు?

టీచరమ్మకు ఉత్తరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ మీద ఉన్నాయి. బడిలోనో, ఆఫీసులోనో, ఫోన్లోనో ఎవరో పనిగట్టుకుని ఏడిపిస్తున్నారని. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరై హనుమకొండలో ఉంటున్నదాన్ని కాబట్టి బడి సంగతి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. ఉత్తరాల్లో పేర్లు, ఆనవాళ్లు తీసేశాను.

ప్రశ్న: టీచర్ గారికి నమస్తే. మా బాబు ఏడో తరగతి, ఆటోలో బడికి పోతాడు. దసరా సెలవులు అయిపోయినప్పటి నుంచి పొద్దున లేస్తే కడుపునొప్పి అంటున్నాడు. డాక్టరుకు చూపిస్తే ఏం లేదన్నారు. నీళ్ల బాటిల్ మాటిమాటికి పోగొడుతున్నాడు. గట్టిగా అడిగితే చెప్పాడు, ఆటోలో పెద్దపిల్లలు ‘గున్న, గున్న’ అంటూ బాటిల్ గుంజుకుని రోడ్డు మీద పారేస్తారట. మా ఆయనేమో ‘నువ్వూ రెండు తగిలియ్యి’ అంటాడు. ఆటో అతను పిల్లలన్నాక మామూలే అంటున్నాడు. ఏం చేయాలె?
– ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, ఆ నొప్పి ఆదివారం కూడా వస్తుందేమో గమనించండి. బడి ఉన్న రోజే వస్తుంటే మాత్రం వాడు నాటకమాడుతున్నాడని అనుకోకండి. భయంతో పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది. డాక్టరుకు ఏమీ కనిపించకపోవడం కూడా నిజమే.

పిల్లలన్నాక ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు, ఆటో అతని మాట పూర్తిగా తప్పనను. అయితే ఏది ఆట, ఏది వేధింపు అని తేల్చడానికి నార్వేలో పనిచేసిన డాన్ ఓల్వేయస్ అనే మానసిక శాస్త్రవేత్త మూడు గుర్తులు చెప్పాడు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు తిరిగి ఎదుర్కోలేని స్థితిలో ఉండడం. 1983లో నార్వే ప్రభుత్వం దేశమంతటా బళ్లలో దీని మీద ఉద్యమంలా పని మొదలుపెట్టినప్పుడు ఆయన పరిశోధన కూడా అందుకు ఆధారమైంది. మీవాడి విషయంలో మూడూ ఉన్నాయి. పైగా నడిచే ఆటోలోంచి వాడు దిగి ఎటు పోతాడు?

ఇప్పుడు ఒక పని చేయండి. ఈ రాత్రి అన్నం తిన్నాక వాడికి తెల్లకాగితం ఇచ్చి ఆటో బొమ్మ గీయమనండి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో రాయమనండి. డ్రైవర్ పక్కన ఎవరు, వెనక సీటు మీద ఎవరు, ఎదురుగా వేసిన చెక్క మీద ఎవరు, బ్యాగులు ఎక్కడ పెడతారు. ‘నిన్ను ఎవరు ఏడిపిస్తున్నర్రా’ అని నిలదీస్తే నోరు మెదపని పిల్లలు బొమ్మ గీస్తూ అన్నీ చెప్పేస్తారు. మా బడిలో నేను బడి బొమ్మే గీయించేదాన్ని, భయమేసే చోట ఎర్ర పెన్సిల్ రుద్దమనేదాన్ని. నల్లా దగ్గర, మరుగుదొడ్ల వెనక, సైకిళ్ల షెడ్డు. దాదాపు ప్రతి కాగితం మీదా అవే ఎరుపు. టీచర్లం తిరగని చోట్లన్నమాట.

బొమ్మ అయ్యాక ఇంకో ప్రశ్న అడగండి. బాటిల్ గుంజేది ఎవరో అడిగారు సరే, అప్పుడు పక్కన నవ్వేది ఎవరు? ఏమీ అనకుండా బయటికి చూసేది ఎవరు? ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు బళ్ల కోసం ‘కివా’ అనే కార్యక్రమం తయారు చేశారు, 2009 నుంచి అక్కడ దేశమంతా నడిచింది. వాళ్లు ఎక్కువ పట్టించుకున్నది ఈ చూసే పిల్లలనే. నవ్వేవాళ్లు నవ్వడం మానేస్తే ఏడిపించేవాడికి ఆ పనిలో రుచి పోతుంది. నా అనుభవమూ అదే. ఏడిపించే పిల్లవాణ్ని మార్చడానికి నెలలు పడుతుంది. నవ్వే పిల్లను పక్కకు పిలిచి మాట్లాడితే చాలాసార్లు వారంలోనే తేడా కనిపిస్తుంది.

కాబట్టి ఆ ఆటోలో మీ వాడకట్టు పిల్ల ఎవరైనా ఉంటే, తొమ్మిదో పదో చదివే అక్క అయితే మరీ మంచిది, వాళ్లమ్మతో మాట్లాడి మీవాణ్ని ఆ అమ్మాయి పక్కన కూర్చోబెట్టించండి. ఆటో అతనితో గొడవ వద్దు. ‘అన్నా, మావాణ్ని ఫలానా చోట కూసోబెట్టు’ అని ఒక్క మాట చెప్పండి. పిల్లలను అంత ఇరుకుగా ఎందుకు కుక్కుతున్నాడన్నది వేరే గొడవ, అదీ అడగాల్సిందే గానీ ఇదే రోజు కాదు.

తర్వాత బడికి పోండి. నోటిమాటగా కాకుండా తేదీలు, జరిగింది, ఎవరెవరు ఉన్నారు అని ఒక కాగితం మీద రాసి హెడ్మాస్టరుకు ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం తీసుకోండి. రెండు సంగతులు ముందే చెప్పండి. ప్రార్థన వేళ అందరి ముందూ ఈ ముచ్చట తీయొద్దు. ఇద్దరినీ గదిలోకి పిలిచి ‘షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి’ అనొద్దు. అలా చేస్తే సాయంత్రం ఆటోలో దాని బాకీ మీవాడే తీర్చాలి. పిల్లలను విడివిడిగా అడగమనండి. ఏం చేశారో తెలుసుకోవడానికి మళ్లీ ఏ రోజు రావాలో అడిగి ఆ రోజు కచ్చితంగా వెళ్లండి. బడివాళ్లు చెవిన పెట్టకపోతే 1098కి ఫోన్ చేయొచ్చు, అది పిల్లల హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

మీ ఆయనకు నా మాటగా చెప్పండి: ఒక్కడు నలుగురిని కొట్టలేడు. కొట్టలేక తిరిగొస్తే బయట ఆటో, ఇంట్లో నాన్న, రెండు చోట్లా వాడిదే ఓటమి అవుతుంది.

ప్రశ్న: మేడం, మా పోరడు ఎనిమిదో తరగతి. ఇంకో పిలగాణ్ని రోజూ సతాయిస్తున్నడని బడికి పిలిచి అందరి ముందు నన్ను నిలబెట్టిన్రు. ఇంటికొచ్చి బెల్టుతోని కొట్టిన. మళ్ల అదే కంప్లైంట్. హాస్టల్ల ఎయ్యమంటారా?
– ఒక తండ్రి, జమ్మికుంట

జవాబు: ఈ ఉత్తరం రాసినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఇలాంటి తండ్రులు సాధారణంగా ‘మావాడు అట్లాంటోడు కాదు’ అనే రాస్తారు.

బెల్టు పక్కన పెట్టండి తమ్ముడూ. బలమున్నవాడు బలం లేనివాణ్ని కొట్టొచ్చని వాడు బడిలో చేసి చూపిస్తున్నాడు, మీరు ఇంట్లో అదే పాఠం ఖాయం చేస్తున్నారు. హాస్టల్లో వేస్తే వాడి చేతికి ఇంకో బక్కపిల్లవాడు దొరుకుతాడు, అంతే.

వాడిని కూర్చోబెట్టి ‘ఎందుకు చేసినవ్’ అని అడగకండి, దానికి వాడి దగ్గర జవాబుండదు. ‘ఏం చేసినవ్, అప్పుడు ఎవరెవరున్నరు, ఎవరు నవ్విన్రు’ అని అడగండి. ఎవరి మెప్పు కోసం చేస్తున్నాడో బయటపడుతుంది. ఆ పిలగాడి వస్తువేదైనా పాడు చేసి ఉంటే వాడి జేబు ఖర్చుల్లోంచే కొనిపించి, మీరూ వెంట వెళ్లి ఇప్పించండి. అందరి ముందు దండం పెట్టించే తంతు మాత్రం వద్దు. క్లాస్ టీచరుతో మాట్లాడి కొన్నాళ్లు శనివారం శనివారం ఫోన్ చేయండి. బాగుందని టీచరు చెప్పిన వారం ఆ మాట వాడికి చెప్పండి.

ఇంకొకటి, నొచ్చుకోకండి. ఇంట్లో మీరు పాలేరుతోనో, కూరగాయలమ్మే అవ్వతోనో ఎలా మాట్లాడుతున్నారో ఒక వారం మీ మాటలు మీరే వినండి.

ప్రశ్న: నమస్తే మేడం. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఆఫీసులో కలెక్షన్ పని. నా వయసు 24. టార్గెట్ కాకపోతే మేనేజర్ రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టి గాడిద బొమ్మలు వేస్తాడు. కింద అందరూ నవ్వే బొమ్మలు పెడతారు. పొద్దున మీటింగులో నిలబెడతాడు. నిద్ర పట్టట్లేదు. రిజైన్ చేయాలా?
– హుజూరాబాద్ యువకుడు

జవాబు: టార్గెట్ ఎందుకు కాలేదని అడగడం మేనేజర్ పని. నలుగురిలో గాడిదను చేయడం ఆయన పని కాదు. నువ్వు ముందు ఈ రెండూ విడదీసుకో తమ్ముడూ. ఈ మధ్య నీకే ‘నేను పనికిరానేమో’ అనిపిస్తూ ఉంటుంది, అది ఆ గ్రూపు పెట్టిన చిచ్చు.

రాత్రిపూట గ్రూపులో జవాబివ్వకు. స్క్రీన్‌షాట్ తీసుకో, తేదీ, టైము కనిపించాలి, అది ఆఫీసు ఫోన్లో కాకుండా నీ సొంత దాంట్లో ఉండాలి. పొద్దున ఆఫీసు మెయిల్ నుంచి మర్యాదగా రెండు లైన్లు రాయి: టార్గెట్ గురించి నాతో విడిగా మాట్లాడండి, గ్రూపులో ఇలాంటి బొమ్మలు వేయొద్దని మనవి. ఆగకపోతే ఆ మెయిల్ జతచేసి హెచ్ఆర్‌కు. ఒక్కడివే వెళ్లకు. ఈ నెల నీ వంతు, పోయిన నెల ఎవరి వంతో నీకు తెలుసు. అతనూ ఈసారి నవ్వే బొమ్మ పెట్టాడేమో చూడు. తన మీదికి రాకూడదనే చాలామంది పెడతారు. అతనితో చాయ్ తాగుతూ మాట్లాడు, సంతకం రెండోది దొరకొచ్చు.

చట్టం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆఫీసులో ఇలా అవమానించడం మీద మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టమంటూ లేదు. ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులకైతే 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, చిన్న చోట్ల వాళ్లు జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు, ఫిర్యాదు మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి. నీ ఆఫీసు అమ్మాయిలకు ఇది చెప్పు. బెదిరిస్తే, ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కులం పేరు పెట్టి తిడితే అది పోలీసు కేసు.

రిజైన్ చేయొచ్చు, సిగ్గుపడే పనేం కాదు. ఇంకో ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చాక చెయ్యి. ఈలోగా నిద్ర సంగతికి 14416కి ఫోన్ చెయ్యి, అది టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా మనవణ్ని తోటి పిల్లలు కోయభాష అని ఎక్కిరిస్తున్నరు. ఆ మాట మాట్లాడొద్దని చెప్పాల్నా?
– ఒక తాత, ఏటూరునాగారం

జవాబు: వద్దు తాతా, మాట్లాడనీయండి. క్లాస్ టీచరును కలిసి, వాడితో కోయలో ఒక కథ క్లాసులో చెప్పించమనండి, వాడికి ఇష్టమైతేనే. కులం పేరుతో కించపరుస్తుంటే మాత్రం హెడ్మాస్టరుకు కాగితం రాసివ్వండి.

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ సెకండియర్. బతుకమ్మ నాడు స్టేటస్‌లో పెట్టుకున్న ఫొటోతో ఎవరో ఇన్‌స్టాలో నా పేరుతో అకౌంట్ తెరిచారు. చెత్త రాతలు రాసి మా చుట్టాలకే రిక్వెస్టులు పంపుతున్నారు. నాన్నకు తెలిస్తే ఫోన్ గుంజుకుని చదువు మాన్పిస్తారు. చచ్చిపోవాలనిపిస్తోంది.
– మంచిర్యాల

జవాబు: బిడ్డా, ఆ చివరి మాటకు ముందు జవాబు. ఈ పేజీ చదువుతున్నప్పుడు కూడా అలా అనిపిస్తుంటే పత్రిక మూసేసి టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యి, లేదా పక్కగదిలో ఉన్నవాళ్లను పిలువు. మిగతాదంతా తీర్చగలిగే పనే.

తొందరపడి నీ అకౌంట్ తీసేయకు. ముందు ఆ దొంగ అకౌంట్ పేజీ, దాని లింకు, రాతలు, మెసేజిలు స్క్రీన్‌షాట్ తియ్యి. తర్వాత యాప్‌లో ‘నాలా నటిస్తున్నారు’ అని రిపోర్ట్ కొట్టు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలా వేరొకరిలా నటించే అకౌంట్లు, మార్ఫింగ్ ఫొటోల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే, ఆ నిబంధనలు పెట్టిన గడువులోగా కంపెనీ వాటిని తొలగించే చర్య తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకు వేరే విభాగం ఉంది, అందులో ఫిర్యాదు పెట్టి ఆ నంబరు రాసి పెట్టుకో. డబ్బు అడిగితే పైసా పంపకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పు. మీ దగ్గర ఆడపిల్లల రక్షణకు పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, రామగుండం కమిషనరేట్ కిందికి వస్తాయి. మరొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు.

ఆ రాతలు చదివి ఫార్వర్డ్ చేస్తున్న స్నేహితురాళ్లు ఉంటారు. వాళ్లలో నమ్మకమున్న ఒకరికి ఫోన్ చేసి, ‘అది నేను కాదు, నువ్వు కూడా రిపోర్ట్ కొట్టు, మనోళ్లతో కొట్టించు’ అని అడుగు.

నాన్నకు బయటివాళ్ల నోట తెలియకముందే ఇంట్లో చెప్పాలి. నేరుగా భయమైతే అమ్మతో, లేదా నాన్న మాట వినే మేనత్తతో. ఉత్త మాటలు తీసుకుని వెళ్లకు, ఫిర్యాదు నంబరు తీసుకుని వెళ్లు. ‘ఇట్లయింది’ అనే మాట వెంటనే ‘కేసు పెట్టినం’ అనే మాట వస్తే ఆయన కోపం సగం దారి మారుతుంది. ఆ పైన ఫోన్ గుంజుకుంటానంటే ఈ కాగితం ఆయన ముందు పెట్టు: అన్నా, దొంగతనం మీ ఇంట్లో జరిగింది, మీరు తాళం వేస్తున్నది మీ బిడ్డకు.

అకౌంట్ పోయాక ఒక కార్డు ముక్క రాయి. పోకపోయినా రాయి, ఫిర్యాదు నంబరు వేసి.