మొక్కు చెల్లించలేదని బాబుకు జ్వరమా?

ఉద్యోగం వస్తే మొదటి ఆరు నెలల జీతం దేవుని పనికి ఇచ్చేస్తానని మొక్కుకున్నారు. ఉద్యోగం వచ్చి పది నెలలైంది, జీతమంతా అప్పుల వాయిదాలకే పోతోంది, మొక్కు సంగతి మీవారికి తెలియదు, ఇప్పుడు బాబుకు మాటిమాటికీ జ్వరం వస్తుంటే ఇది దేవుడు వేసిన శిక్షేమోనని నిద్ర పట్టడం లేదని రాశారు. మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యంలో, కోచింగ్ కోసం చెల్లెలి దగ్గర మూడు నెలల్లో ఇచ్చేస్తానని తీసుకున్న డబ్బు కూడా ఇంకా ఇవ్వలేదని చెప్పి ముందుకెళ్లిపోయారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయానమ్మా. అయినా ముందు జ్వరం సంగతి చూద్దాం.

బాబును డాక్టరుకు చూపించండి, మాటిమాటికీ ఎందుకొస్తోందో టెస్టులు చేయించండి. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు వీడి కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసుప్రభువు (యోహాను 9). మీ పిల్లవాడి ఒంటి వేడిని మీ బాకీకి ముడిపెట్టకండి. బైబిల్లో యాకోబును చూడండి, బేతేలు అనే చోట దేవుడికి మొక్కుకున్నవాడు మేనమామ లాబాను దగ్గరే ఇరవై ఏళ్లు ఉండిపోయాడు, తిరిగొచ్చాక కూడా తిన్నగా బేతేలుకు వెళ్లకుండా షెకెము దగ్గర స్థలం కొనుక్కుని ఆగాడు. చివరికి దేవుడే "లేచి బేతేలుకు వెళ్లు" అని గుర్తు చేశాడు (ఆదికాండము 35). షెకెములో యాకోబు కూతురికి జరిగిన ఘోరం మొక్కు ఆలస్యం చేసినందుకే అని కొందరు ప్రసంగాల్లో చెబుతుంటారు గానీ బైబిల్లో ఆ మాట లేదు, నేనైతే అలా చెప్పను.

అలాగని మొక్కు మర్చిపొమ్మని అనను. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని బైబిల్లోని ప్రసంగి గ్రంథం 5లో స్పష్టంగానే ఉంది. అయితే మొక్కుకున్నంత ఇచ్చే స్తోమత లేనివాడు యాజకుడి దగ్గరకు రావాలని, అతని కలిమిచొప్పున వెల కట్టాలని లేవీయకాండము 27లో రాసి ఉంది. ధర్మశాస్త్రంలోనే అంత వెసులుబాటు ఉండగా మీరు దేవుణ్ణి నెలనెలా ఫోన్ చేసి బెదిరించే అప్పులవాడిలా ఊహించుకుంటున్నారు. ఆరు నెలల జీతాన్ని రెండేళ్ల మీదో నాలుగేళ్ల మీదో పంచుకుని ఇవ్వండి. దీనికోసం కొత్త అప్పు మాత్రం చేయకండి.

ఇక చెల్లెలి డబ్బు. దేవుడికిచ్చిన మాట మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు, చెల్లెలికిచ్చిన మాట మాత్రం గుర్తొచ్చి పోతోంది, ఎందుకంటే ఆమె శిక్షిస్తుందన్న భయం లేదు కదా. అమ్మానాన్నలకు చెందాల్సింది "కొర్బాను", అంటే దేవుడికి ఇచ్చేశాం, అని తప్పించుకునేవాళ్లను మార్కు 7లో యేసు గట్టిగానే మందలించాడు. మీరు కావాలని అలా చేశారని కాదు, కానీ చెల్లెలి డబ్బు అలాగే ఉంచుకుని కానుక వేస్తే ఆ కానుకలో కొంత ఆమెదే అవుతుంది. ఈ వారమే ఫోన్ చేయండి, ఇవ్వలేకపోయినందుకు క్షమించమని అడిగి, నెలకు ఎంత ఇవ్వగలరో అంతే చెప్పండి, ఎక్కువ చెప్పకండి. మళ్లీ తప్పిపోయే మాట ఇవ్వడం మీకు అలవాటైపోకూడదు.

మీవారికి చెప్పడం వీటన్నిటికంటే కష్టమని తెలుసు. భార్య మొక్కును విన్నరోజునే భర్త రద్దు చేయవచ్చని సంఖ్యాకాండము 30లో ఉంది, దాన్ని పట్టుకుని "ఆయన వద్దంటే మొక్కు పోయినట్టే" అనేవాళ్లూ ఉంటారు, నేను ఆ దారిలో వెళ్లను. నాకు అందులో కనిపించేది ఒక్కటే, మొక్కు ఒకరిదైనా దాని భారం ఇంటిమొత్తం మీద పడుతుంది, కాబట్టి ఇంట్లో దాచకూడదు. బాబు పడుకున్నాక వాయిదాల లెక్క ముందు పెట్టుకుని చెప్పండి. జ్వరంతో మొదలుపెట్టకండి, ఆయన కూడా భయపడతారు, ఇక లెక్క మాట్లాడుకోవడం కుదరదు. ఆయన కోప్పడితే పడనివ్వండి, ఇన్నాళ్లు దాచారు కాబట్టి ఆ కోపం న్యాయమే.

బాబు బాగుపడితే ఇంకేదైనా మొక్కుకోవాలా అని కూడా అడిగారు. వద్దమ్మా. ఏ షరతూ పెట్టకుండా, "ప్రభువా, వీడు నీ చేతుల్లో ఉన్నాడు" అని మాత్రం ప్రార్థించి, మందులు వేళకు వేయండి.