ముక్కులో కండ కోయించినా మళ్లీ ఎందుకు పెరుగుతుంది?

ముక్కులో పాలిప్స్ (లోపలి పొర వాచి పెరిగే మెత్తని కండ) తీయించిన ఏడాదికే మళ్లీ వచ్చాయని, డాక్టరు సరిగా కోయకపోవడమా లేక ఇంటర్‌ల్యూకిన్లు (రక్షణ కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే ప్రొటీన్లు, పొట్టిగా ఐఎల్) కారణమా అని మీరు అడిగారు. రెండుసార్లు కోయించుకున్నవాణ్ణి కనుక చెబుతున్నాను, డాక్టరును అనుమానించకండి. వాపు పెంచమనే కబుర్లు లోపల నడుస్తూనే ఉంటే ఎంత శుభ్రంగా కోసినా కండ తిరిగి వస్తుంది.

మాది కందుకూరు వైపు పొగాకు పండించే ఊరు. పొగాకును వేడితో ఆరబెట్టే గది, అంటే బ్యారన్‌లో ఆకు ఏ పదునుకు వచ్చిందో థర్మామీటరు చూడకముందే వాసనతో పట్టేవాణ్ణి. మొదటి ఆపరేషన్ అయిన 14 నెలలకు, ఒక రాత్రి నేను పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా, కర్ర మీద నుంచి జారిన ఆకు ఒకటి వేడి గొట్టం మీద పడి మాడసాగింది. నాకేమీ తెలియలేదు. చేను గట్టు మీద వస్తున్న మా చిన్నాన్న అంత దూరం నుంచే పసిగట్టి, "ఏందిరా అబ్బయ్యా, ఆకు మాడతా ఉంటే పక్కనే కూర్చోని చూస్తా ఉండావే!" అని అరుచుకుంటూ వచ్చి దాన్ని తీసి పారేశాడు. ఇంకాసేపైతే బ్యారన్ మొత్తం అంటుకునేది.

ఆ వారమే నెల్లూరులో మరో డాక్టరు ముక్కులోకి గొట్టం కెమెరా పెట్టి తెర మీద చూపించారు. ఒలిచిన తాటి ముంజల్లా, పాలిపోయి నిగనిగలాడుతూ రెండు వైపులా పాలిప్స్ వేలాడుతున్నాయి. ముక్కు లోపలి పొరకు చికాకు కలిగితే అది టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-33 వంటి ప్రొటీన్ల రూపంలో హెచ్చరికలు పంపుతుందని, వాటిని అందుకున్న రక్షణ కణాలు ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13 విడుదల చేస్తాయని ఆయన చెప్పారు. ఐఎల్-5 ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలను పిలిచి చావకుండా నిలబెడుతుంది, ఐఎల్-13 చీమిడిని పెంచుతుంది, ఐఎల్-4 అలర్జీకి సంబంధించిన ఐజీఈ అనే యాంటీబాడీ తయారీని పురికొల్పుతుంది. పైగా ఈ వాపులో ఫైబ్రిన్ అనే, రక్తాన్ని గడ్డకట్టించే పీచు ప్రొటీన్ కరగక వలలా పేరుకుని నీటిని పట్టి ఉంచుతుందట. ఆ ముంజల రూపం అందుకే కాబోలు.

మొదటిసారి కోసినవారు ఇందులో ఒక్క ముక్కైనా చెప్పి ఉంటే ముక్కు తెరుచుకోగానే నేను స్టిరాయిడ్ స్ప్రే మానేసేవాణ్ణి కాదు. మా ఊళ్లో తుమ్మినా, తలనొప్పి వచ్చినా, ముక్కు దూలం వంకరైనా అన్నిటికీ "సైనస్" అనే ఒకే పేరు, ఆపైన ముక్కులో ఆకు పసరు పిండేవాళ్లు. అసలే మండుతున్న పొరకు ఆ పసరు మరో చికాకు.

అందరి పాలిప్స్ ఒక తీరువి కావు. చైనా వంటి ఆసియా దేశాల రోగుల్లో కొందరికి ఇయోసినోఫిల్స్ తక్కువగా, న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు, ఐఎల్-17 ఎక్కువగా ఉంటాయి కనుక తీసిన ముక్క పరీక్ష రిపోర్టులో ఏ కణాలున్నాయో అడిగి తెలుసుకోండి. ఐఎల్-4, ఐఎల్-13 రెండింటి కబురునూ అడ్డుకునే డుపిలుమాబ్ ఇంజక్షన్‌కు అమెరికాలో ఈ జబ్బుకోసం 2019లో అనుమతి వచ్చింది, ఐఎల్-5ను పట్టేసే మెపొలిజుమాబ్‌కు 2021లో వచ్చింది. కబురే జబ్బుకు మూలమనడానికి ఇంతకంటే రుజువు నాకు అక్కరలేదు. అయితే డుపిలుమాబ్ ఆపేస్తే పాలిప్స్ మళ్లీ పెరగడం పరీక్షల్లోనే కనిపించింది. దాని ధర మా బోటి రైతుకు అందేదీ కాదు.

రెండో ఆపరేషన్ తర్వాత నేను రోజూ కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుక్కుని, తల కాస్త వంచి, డాక్టరు రాసిన స్ప్రే కొట్టుకుంటున్నాను. ఈ ఏడు బ్యారన్ తలుపు తీయగానే ఆకు వాసన తగిలింది.