నీటి సంగతులు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. చెరువులు, సరస్సుల నీటి నాణ్యత మీదే పనిచేయాలని ఉంది. ఏం నేర్చుకుంటే పనికొస్తుంది?
– ఒక విద్యార్థిని, ఏలూరు

జవాబు: నదులు, జలాశయాల చేపల మీద పరిశోధన చేసే బ్యారక్‌పూర్ సిఫ్రి, పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ అయిన నాగపూర్ నీరి, కాలుష్య నియంత్రణ మండళ్ల ల్యాబులు ఈ చదువుకు దారులు. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి ఉంచుకోండి. అయితే ఎక్కడికెళ్లినా మిమ్మల్ని నిలబెట్టేది చేతిపనే.

ముందు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే డీవోను, తప్పు లేకుండా కొలవడం రావాలి. మీటర్ ఉన్నా సరే, వింక్లర్ పద్ధతి నేర్చుకోండి. మీటర్ తప్పు చూపిస్తోందని పట్టించేది అదే. 300 మి.లీ. బీవోడీ సీసాను (నీటి పరీక్షకు వాడే మూత బిగిసే గాజు సీసా) బుడగ లేకుండా నింపి, గట్టు మీదే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ చెరో 1 మి.లీ. వేయాలి. పిపెట్ కొన నీటిలో మునిగి ఉండాలి. మూతపెట్టి తిప్పితే గోధుమరంగు మడ్డి కడుతుంది. తెల్లమడ్డి కట్టిందంటే ఆక్సిజన్ లేనట్టే. ఇదంతా ల్యాబుకు వెళ్లాక చేద్దామనుకుంటే దారిలోనే నాచు, బ్యాక్టీరియా సీసాలో లెక్క మార్చేస్తాయి.

మడ్డి దిగాక 1 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించి, అందులో 201 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ గాఢత ఉన్న సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి, అంటే దాన్ని కొలుస్తూ చుక్కచుక్కగా వేయండి. లేత పసుపు దాకా వచ్చాకే స్టార్చ్ వేయాలి. అప్పుడు వచ్చే నీలం రంగు పోగానే ఆపాలి. ఖర్చయిన ప్రతి మి.లీ. థయోసల్ఫేట్‌కు లీటరు నీటిలో 1 మి.గ్రా. ఆక్సిజన్. నీలం పోయినట్టే పోయి మళ్లీ తిరిగొస్తుంటే నైట్రైట్ అడ్డుపడుతోందన్నమాట, అజైడ్ సరిగా పనిచేయలేదు. మురుగు కలిసే చెరువుల్లో ఈ చిక్కు తప్పదు.

ఇంకొకటి. మధ్యాహ్నం ఒక్కసారి కొలిచి ‘బాగుంది’ అని రాస్తే చెరువుకు అన్యాయం చేసినట్టే. ఎండలో నాచు ఆక్సిజన్ నింపుతుంది, రాత్రంతా అదే పీల్చేసుకుంటుంది. పొద్దు పొడవకముందు, అడుగునా పైనా రెండుచోట్లా కొలవండి.

ప్రశ్న: మా చెరువు నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి గాలి మింగుతున్నాయి. మైలుతుత్తం చల్లమంటున్నారు. చల్లవచ్చా?
– ఒక రైతు, కైకలూరు

జవాబు: ఈ స్థితిలో వద్దు. నాచంతా ఒక్కసారే చచ్చి కుళ్లితే ఉన్న కాస్త డీవో కూడా పోతుంది, తెల్లారేసరికి చేపలు చచ్చి తేలతాయి. నీలి ఆకుపచ్చ నాచైతే చస్తూ విషాన్నీ నీటిలోకి వదలవచ్చు. పశువులను దింపకండి. మేత, పేడ వేయడం ఆపండి. అర్ధరాత్రి నుంచి ఎండ వచ్చేదాకా ఏరేటర్లు తిప్పండి. అవి లేకపోతే మోటారుతో అదే నీటిని ఎత్తి పైనుంచి చిమ్మించండి. డీవో లీటరుకు 4 మి.గ్రా. పైనుంటే చేపకు ఊపిరి ఆడుతుంది, 2కు దిగితే ప్రాణం మీదికొస్తుంది.

నాచుకు అసలు మేత భాస్వరం. ఇళ్ల మురుగు, పొలాల ఎరువు ఏ కాలవ గుండా వస్తున్నాయో చూసి ముందు దాన్ని మళ్లించండి. మళ్లించినా పచ్చదనం వెంటనే పోదు. అడుగున ఆక్సిజన్ లేనప్పుడు, ఇనుముతో కలిసి బురదలో కూర్చున్న భాస్వరం విడిపోయి మళ్లీ నీటిలోకి వస్తుంది. అందుకే వేసవిలో చెరువు ఎండగట్టినప్పుడు పూడిక తీసి, గట్టు మీద కాకుండా దూరంగా వేయండి. గట్టు మీద పోస్తే తొలి వానకే అంతా తిరిగి చెరువులోకి దిగుతుంది.