మందులు వద్దనుకుంటే ఇంట్లోనే పురుడు పోసుకోవాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 27 ఏళ్లు. మాది ఒడిశా గజపతి జిల్లాలో వంశధార ఒడ్డు పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. రెండో కాన్పు, ఏడో నెల నడుస్తోంది. భాద్రపదంలో పురుడు వస్తుందన్నారు. మొదటిసారి ఆస్పత్రిలో నార్మలే అయింది కానీ చాలా బాధపడ్డాను. వెళ్లగానే సెలైన్‌లో నొప్పుల మందు కలిపి ఎక్కించారు, మంచం దిగనివ్వలేదు, అమ్మను లోపలికి రానివ్వలేదు. కుట్లు పడ్డాయి, తిట్లూ పడ్డాయి. మా అమ్మమ్మ ఏడుగురిని ఇంట్లోనే కన్నది. ఈసారి నేనూ ఏ మందూ లేకుండా ఇంట్లోనే కనాలనుకుంటున్నాను. మా ఆయన ఒప్పుకోవడం లేదు. బీపీ, షుగర్ లేవు. రక్తం (హిమోగ్లోబిన్) 9.6 ఉంది. పర్లాకిమిడి పెద్దాస్పత్రికి ఆటోలో గంట పైనే పడుతుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో రెండు కోరికలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. మందులు లేకుండా కనాలన్నది ఒకటి, ఇంట్లో కనాలన్నది ఇంకొకటి. మొదటిదానికి నేను మీ పక్షం. రెండోదానికి మీ ఆయన పక్షం.

ముందు మొదటిది. పోయినసారి మీకు జరిగినవాటిలో చాలావరకు జరగనక్కర్లేదు. నొప్పులు వాటంతట అవి బాగా వస్తున్న తల్లికి నొప్పుల మందు డ్రిప్ పెట్టమని ఏ పుస్తకంలోనూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన కాన్పు మార్గదర్శకాలు ఇలా చెబుతున్నాయి: తల్లి కోరుకున్న మనిషి పక్కనుండాలి, ఆమెను తిరగనివ్వాలి, తాగనివ్వాలి, బిడ్డ వచ్చే దారి దగ్గర అందరికీ కోత పెట్టకూడదు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2016లోనే పురిటి గదిలోకి తోడుమనిషిని అనుమతించమంది. పురిటి గదులను మెరుగుపరచడానికి 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమంలో తల్లిని మర్యాదగా చూడడం కూడా ఒక అంశం. ఇవన్నీ గోడమీద పోస్టర్లుగానే ఉండిపోయే చోట్లు ఉన్నాయని నాకూ తెలుసు. మీతో అలా ప్రవర్తించినందుకు ఆ వృత్తిలో ఉన్నదాన్నిగా సిగ్గుపడుతున్నాను.

ఇక ఇల్లు. పల్లెల్లో ఇంటి పురుడంటే మందులేని పురుడని మీరనుకుంటున్నారు. నేను చూసింది వేరు. నొప్పులు కాస్త మందగించగానే ఊళ్లో ఆర్‌ఎంపీని పిలుస్తారు. ఆయన అదే నొప్పుల మందును, అంటే ఆక్సిటోసిన్‌ను, కండలోకి పొడిచి వెళ్లిపోతాడు. డ్రిప్‌లో అయితే చుక్కలు తగ్గించవచ్చు, ఆపేయవచ్చు. కండలోకి పోయినదాన్ని వెనక్కి తీయలేం. గర్భసంచి విడుపు లేకుండా బిగుసుకుంటే బిడ్డకు ఊపిరి అందదు, ఒక్కోసారి సంచే చిట్లుతుంది. ఆ సూది ఎవరు వేస్తానన్నా పడనివ్వకండి. నొప్పులు రావాలని ఆముదం తాగించడం కూడా వద్దు. విరేచనాలై నీరసపడతారు, అంతే.

నన్ను ఎక్కువ భయపెట్టింది మీ దూరం, మీ 9.6. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైన రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడిన చోట ఆ నాళాలను నొక్కి పట్టేది గర్భసంచి కండరమే. అది గట్టిపడకపోతే కుళాయి విప్పినట్టే. అలా పోయే రక్తం ఆగకపోతే సుమారు రెండు గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. ఆటోకే గంట పడుతుందంటున్నారు, అదీ ఆటో దొరికాక. పన్నెండు ఉన్న తల్లి తట్టుకునే రక్తనష్టాన్ని తొమ్మిదిన్నర ఉన్న తల్లి తట్టుకోలేకపోవచ్చు. ఎవరికి ఇలా అవుతుందో ముందు చెప్పలేం. నార్మల్‌గా, నవ్వుతూ కన్నవాళ్లకూ అవుతుంది. మాయ లోపలే ఉండిపోయిందని తెల్లవారుజామున తెచ్చిన ఒక తల్లి గుర్తొస్తోంది. కాన్పు చక్కగా అయిందట, బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఆమె చేయి మాత్రం మంచుగడ్డలా ఉంది. నాలుగు సంచుల రక్తం ఎక్కించాక కళ్లు తెరిచింది.

బిడ్డ మాటా అంతే. పుట్టిన నూరుమందిలో పదిమంది దాకా మొదటి ఊపిరికి ఎంతో కొంత సాయం కావాలి. తుడిచి, వీపు రుద్దితే చాలామంది అందుకుంటారు. అందుకోని బిడ్డకు మొదటి నిమిషంలోనే మాస్కు పెట్టి గాలి అందించాలి. మంత్రసాని చేతిలో అది ఉండదు.

విదేశాల్లో ఇంట్లో కంటున్నారు కదా అని మీకు ఎవరో ఒకరు వీడియో చూపిస్తారు. నిజమే. ఇంగ్లండ్‌లో అరవై నాలుగు వేల పైచిలుకు కాన్పులపై 2011లో వచ్చిన అధ్యయనంలో, ఏ ఇబ్బందీ లేని రెండో కాన్పు వాళ్లు ఇంట్లో ప్రసవించినా బిడ్డకు అదనపు ముప్పు కనిపించలేదు. కానీ అక్కడ ఇంటికొచ్చేది చదువుకున్న మిడ్‌వైఫ్. ఆమె సంచిలో మందులుంటాయి, తేడా వస్తే అంబులెన్స్ ఉంటుంది. అలాంటి రెండో కాన్పు వాళ్లలోనూ నూటికి పన్నెండు మందిని ఆస్పత్రికి తరలించాల్సి వచ్చింది. మీకూ ఆస్పత్రికీ మధ్య ఉన్నది వానాకాలపు వంశధార.

అమ్మమ్మ దగ్గర నేర్చుకోవలసింది మాత్రం బోలెడు ఉంది. ఆవిడ వెల్లకిలా పడుకుని కని ఉండరు. ఎలా కూర్చున్నారో, ఏం పట్టుకున్నారో అడగండి. ఆ ఏడుగురిలో ఎందరు పెరిగి పెద్దయ్యారో కూడా అడగండి. నొప్పుల్లో నడవండి, గోడకో మనిషికో వాలి నిలబడండి, నడుం మీద గట్టిగా రుద్దించుకోండి, గోరువెచ్చని నీళ్లు పోయించుకోండి, గంజో మజ్జిగో గుక్కగుక్కగా తాగండి. పడుకోవాలనిపిస్తే ఎడమ పక్కకు. నొప్పి వచ్చినప్పుడు మెల్లగా, పొడుగ్గా ఊపిరి వదలండి. ఇవేవీ ఆస్పత్రిలో చేయకూడనివి కావు.

ఎనిమిదో నెలలోనే మీ ఆశా దీదీని, అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి పురిటి గది చూసి రండి. అక్కడి సిస్టర్‌తో ముందే చెప్పండి: నొప్పులు వాటంతట సాగుతుంటే డ్రిప్ వద్దు, అవసరమైతే తప్ప కోత వద్దు, అమ్మ నా పక్కనుండాలి, బిడ్డను వెంటనే నా గుండెల మీద పెట్టండి, బొడ్డుతాడు ఒక నిమిషం ఆగి కత్తిరించండి. ఒక్క సూదికి మాత్రం కాదనకండి. బిడ్డ బయటికొచ్చాక తొడకు వేసే పది యూనిట్ల ఆక్సిటోసిన్. అప్పటికి మీ సహజ కాన్పు అయిపోయి ఉంటుంది. ఆ సూది రక్తం ఆపడానికి.

రెండో కాన్పు మొదటిదానికన్నా తొందరగా అవుతుంది. నొప్పులు పది నిమిషాలకోటి చొప్పున క్రమంగా వస్తుంటే ఇక ఆగకండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా నొప్పుల కోసం చూడకుండా బయల్దేరండి. అసలు గడువుకు వారం ముందే పర్లాకిమిడిలోనో, సరిహద్దు ఆవల పాతపట్నంలోనో చుట్టాలింట్లో ఉంటే ఇంకా మేలు. మారుమూల బ్లాకుల గర్భిణుల కోసం ఒడిశా ప్రభుత్వం ‘మా గృహ’ పేరుతో బస నడుపుతోంది. మీకు దగ్గరలో ఉందేమో ఆశాను అడగండి. ఇంకో సంగతి. సరిహద్దులో ఫోన్ అవతలి టవర్ పట్టుకుంటే 108 కాల్ ఆంధ్రా వాళ్లకు పోవచ్చు. ఊరు, బ్లాకు, జిల్లా స్పష్టంగా చెప్పండి. ఆటో అతని నంబరు కూడా ఉంచుకోండి.

ఎంత చేసినా దారిలోనే బిడ్డ వచ్చేస్తే: లాగొద్దు. పొడి బట్టతో తుడిచి, మీ ఒంటికి ఆనించుకుని, ఇద్దరికీ కలిపి కప్పండి. బొడ్డుతాడును బ్లేడుతో కోయొద్దు, బూడిదా పసుపూ పెట్టొద్దు, మాయ కోసం తాడు గుంజొద్దు. రొమ్ము పట్టించండి, అలాగే ఆస్పత్రికి వచ్చేయండి.

ఇప్పుడు చేయవలసిన పని ఆ 9.6 సంగతి చూడడం. మీ ప్రాంతంలో దానికి ఐరన్ లోపమే కాక మలేరియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు కూడా కారణం కావచ్చు. ఆ రెండు పరీక్షలూ చేయించుకోండి, దోమతెర వాడండి. ఐరన్ మాత్ర టీతో కాకుండా నిమ్మరసంతో వేసుకోండి. రోజుకు ఒకటా రెండా, నరంలోకి ఎక్కించాలా అన్నది మీ డాక్టరు చెబుతారు. నాలుగు వారాల తర్వాత మళ్లీ రక్తం చూపించుకుని, ఎంత వచ్చిందో రాయండి.